సరకు కంటె ముందు కాగితము

గుంటూరు మిరపకాయలు కొనెడి కొలంబో వర్తకుడు అమ్మెడివాని ముఖమైన ఎరుగకపోవచ్చును. ఇరువురి నడుమ నమ్మకము కుదుర్చునది లెటర్ ఆఫ్ క్రెడిట్ అను బ్యాంకు హామీపత్రము. దీనికి అంతర్జాతీయ వాణిజ్య మండలి 1933లో తొలిసారి నియమావళి ప్రకటించినది. నేడు సాధారణముగా అనుసరించునది 2007 నాటిది. దాని ప్రకారము బ్యాంకు పరిశీలించునది కాగితములనే గాని సరకును కాదు. మిరప ఎంత మేలైనదైనను, ఓడ రసీదుపై తేదీ గడువు దాటియున్నచో బ్యాంకు సొమ్ము నిరాకరింపవచ్చును. సరకేమో అప్పటికి సముద్రముపై నుండును! కొనువాడు ధర తగ్గింపుమని బేరమునకు దిగుట అప్పుడే. ఆ నష్టము తుదకు మిరప పండించిన రైతు దాకను ప్రాకవచ్చును. అందువలననే హామీపత్రము అందిన నాడే ప్రతి పదమును చదివి, పొసగని షరతును సరకు ఓడకెక్కింపకముందే మార్పించుకొనవలెనని మేము చెప్పుచున్నాము. ఓడ వెడలిన పిమ్మట దానికి కొనువాని దయ కావలసివచ్చును.