డిష్ సిగ్నల్ రావట్లేదా? ముందు డిష్ మాత్రం తిప్పకండి!

ఈ ఎపిసోడ్‌లో డీడీ ఫ్రీ డిష్ సిగ్నల్ ప్రాబ్లమ్ గురించి మాట్లాడుకుందాం. ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను.

పోయిన వానాకాలం అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లాను. టీవీలో ‘నో సిగ్నల్’ అని వస్తోంది. సాయంత్రం సప్తగిరిలో వార్తలు చూడందే అమ్మమ్మకి అన్నం సహించదు. “ఉండు అమ్మమ్మా, నేను చూస్తా” అని డాబా ఎక్కి, నట్లు లూజు చేసి డిష్ అటూ ఇటూ తిప్పేశాను. రెండు గంటలైనా బొమ్మ రాలేదు. మర్నాడు మెకానిక్ వచ్చి చూస్తే తప్పు డిష్‌ది కాదు, కేబుల్ చివర పిన్నుది. నీళ్లు దిగి తుప్పు పట్టింది. పిన్ను మార్చడానికి ఐదు నిమిషాలు, నేను చెడగొట్టింది సరిచేయడానికి గంట!

అందుకే నట్లు ముట్టుకునే ముందు స్క్రీన్ చూడండి. సెట్‌టాప్ బాక్సు మెనూలో సిగ్నల్ చూపించే చోట రెండు గీతలుంటాయి: స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్ చూసి “సిగ్నల్ ఉందిగా” అనుకోకండి. డిష్ ఖాళీ ఆకాశం వైపు ఉన్నా స్ట్రెంత్ కనిపిస్తుంది. మన శాటిలైట్ దొరికిందా లేదా అని చెప్పేది క్వాలిటీ.

రెండూ సున్నా దగ్గరే ఉన్నాయా? కేబుల్, పిన్ను, ఎల్‌ఎన్‌బీ, ఈ మూడింటిలో ఏదో ఒకటి పోయి ఉండొచ్చు. ఎల్‌ఎన్‌బీకి కావాల్సిన 13 లేదా 18 వోల్టుల కరెంటు ఈ కేబుల్‌లోనే పైకి వెళ్తుంది. కాబట్టి ముందు బాక్సు ప్లగ్ తీసేయండి. తర్వాత పిన్నులు విప్పి చూడండి. తుప్పు ఉందా? మధ్య రాగి తీగకి బయటి సన్న తీగలు తగులుతున్నాయా? పాడైన ముక్క కోసేసి, కొత్త పిన్ను వేసి, నీళ్లు దిగకుండా టేపు చుట్టండి.

స్ట్రెంత్ ఉండి క్వాలిటీ లేదా? పెద్ద వాన పడుతుంటే ఆగండి. ఈ కేయూ బ్యాండ్ తరంగాల్ని వాన చినుకులు మింగేస్తాయి, తగ్గాక అదే వస్తుంది. వాన లేకపోతే డిష్ ముందు కొమ్మలు పెరిగాయేమో, పక్కన కొత్తగా గోడ లేచిందేమో చూడండి.

ఇవేవీ కాకపోతేనే డిష్ తిప్పాలి. శాటిలైట్ జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడ 600 కిలోమీటర్లు పక్కకి పోయినట్టే! మనకి అది ఆగ్నేయం వైపు. ఫోన్ కంపాస్‌లో హైదరాబాద్‌కి దాదాపు 138, గుంటూరుకి 140 డిగ్రీలు. ఇనుము దగ్గర కంపాస్ తప్పు చూపిస్తుంది, డిష్‌కి నాలుగడుగులు దూరంగా నిలబడి చూడండి. నట్లు వదులు చేసే ముందు పాత పొజిషన్‌కి మార్కర్‌తో గీత పెట్టండి. కింద ఒకరు వీడియో కాల్‌లో క్వాలిటీ గీత చూపిస్తుంటే, కొంచెం జరపండి, మూడు సెకన్లు ఆగండి, మళ్లీ జరపండి.

ఇంకో మాట. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు డాబా ఎక్కొద్దు. వార్తలు రేపైనా చూడొచ్చు.

మొన్న మళ్లీ సిగ్నల్ పోయిందని అమ్మమ్మ ఫోన్ చేసింది. “క్వాలిటీ ఎంతుంది అమ్మమ్మా?” అన్నాను. “అదంతా నాకెందుకురా, నువ్వు మాత్రం డాబా ఎక్కకు” అంది!

ఉంటాను ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.