అక్షరములకు అర్థము గలదా? : కర్నూలు, కడప శాసనముల సాక్ష్యము

అక్షరమున గూఢార్థము గలదను విశ్వాసము మనకు చిరకాలముగా వచ్చుచున్నది. మంత్రశాస్త్రమున బీజాక్షరములు గలవు. లక్షణగ్రంథములలో కావ్యాదియందలి వర్ణమునకు శుభాశుభఫలములు చెప్పబడినవి. ఈ అర్థములు లిపితోడనే పుట్టినవా, లేక పుట్టిన లిపికి పిమ్మట కల్పింపబడినవా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు కర్నూలు, కడప జిల్లాల శాసనములు మిక్కిలి యుపకరించును.

పశ్చిమాసియాలోని సెమిటిక్ లిపులయందు అక్షరములకు వస్తువుల పేర్లున్నవి. ‘ఆలెఫ్’ అనగా ఎద్దు. ‘బేత్’ అనగా ఇల్లు. బ్రాహ్మీలిపి ఆ లిపులనుండి వచ్చినదని బూలరు వాదించెను. దేశీయచిత్రములనుండి పుట్టినదని కన్నింగ్‌హాము తలచెను. ఆ వివాదము నేటికిని తెగలేదు. అయినను ఒకటి స్పష్టము. మన వర్ణములకు వస్తునామములు లేవు. అకారము, కకారము అని ధ్వనిచేతనే వానిని పేర్కొందుము; కంఠ్యములు, తాలవ్యములు అని ఉచ్చారణస్థానమును బట్టియే వరుస యేర్పడినది.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి వద్ద అశోకుని శిలాశాసనములు గలవు. క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన ఈ శిలలపై 14 ప్రధానశాసనములును, లఘుశాసనములును చెక్కబడినవి. లఘుశాసనమున కొన్ని పంక్తులు కుడినుండి యెడమకు నడచుచున్నవి. ఇది సెమిటిక్ సంప్రదాయపు జాడయని కొందఱు తలచిరి. కాని అచ్చటి ప్రధానశాసనములు ఎడమనుండి కుడికే సాగుచున్నవి. కావున ఆ వింత లేఖకుని చేతివాటమే యనుట యుక్తము. లఘుశాసనమున లేఖకులకును, ఉపాధ్యాయులకును ఉపదేశము గలదు. పూర్వాచారము ననుసరించి శిష్యులకు ధర్మమును బోధింపవలెనని యందలి సారము. ఇచ్చట అక్షరము బోధకు సాధనమే; దానికి వేఱొక గూఢార్థము చెప్పబడలేదు.

అశోకుని శాసనముల భాష ప్రాకృతము. ప్రాకృతమున లేని ధ్వనులకు ఆ లిపియందు చిహ్నములు లేవు. సుమారు క్రీ.శ. 575 నాటికి కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళరాజగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు తెలుగున శాసనము వేయించెను. అందలి ‘చిఱుంబూరి’ అను ఊరిపేరున ‘ఱ’కారము గలదు. నేడు మనము ‘చోళ’ అని వ్రాయు వంశనామము ఆ కాలపు శాసనములలో ‘చోఴ’ అని కనబడును. ఈ ‘ఱ’, ‘ఴ’లు దేశభాష తన ధ్వనులకై చేర్చుకొనిన చిహ్నములు.

వీని విలువను చూడుడు. ‘ఊరు’ అనగా గ్రామము. ‘ఊఱు’ అనగా స్రవించుట. చెలమ త్రవ్వి నీటికై కాచుకొను ఈ సీమలో ‘ఊరు’నకును ‘ఊఱు’టకును గల భేదమును వేఱుగ విప్పి చెప్పనక్కఱలేదు. పూర్వకవులు ప్రాసయందు ఈ రెండు రేఫలను కలుపలేదు. ‘ఴ’కారము నన్నయనాటికే లుప్తమైనది, తమిళపు ‘కోఴి’, ‘ఏఴు’లకు మన ‘కోడి’, ‘ఏడు’లే సమానములు.

మఱి ‘ఱ’ను శకటరేఫమనియు, బండి ఱ యనియు పిలుచుట యేల? అది ఆకృతిని గుర్తించుటకు పెట్టిన పేరు. బండి ఆ వర్ణమునకు అర్థము గాదు. తలకట్టు, గుడి, కొమ్ము అను పేర్లును అట్టివే. అశోకుని అక్షరములకు తలకట్టు లేనే లేదు. అది తరువాతి లేఖకుల చేతిలో నేర్పడినది. బడిలో బాలుని జ్ఞాపకమునకై పుట్టిన పేర్లను లిపి పుట్టుకకు ప్రమాణముగ గొనరాదు.

ఇట్లు చెప్పుటచే బీజాక్షర సంప్రదాయమునకు లోపము రాదు. అది ఉపాసనకు సంబంధించినది. లిపిచరిత్రకు మాత్రము శిలయే ప్రమాణము. కావున శాసనపాఠములను సిద్ధపఱచు విద్యార్థులు ‘ఱ’ను ‘ర’గాను, ‘ఴ’ను ‘ళ’గాను దిద్దరాదు. అట్లు దిద్దినచో చెరుగునది ఒక గీత కాదు; ఒకనాడు ఈ సీమలో వినబడిన ధ్వనికి మనకు మిగిలిన సాక్ష్యము.