కలిసిన విషాలు

చెరువుల అడుగు బురదలో ఎర్రని సన్నని పురుగులు జీవిస్తాయి. ఇవి దోమను పోలిన కైరోనమస్ అనే కీటకపు డింభకాలు. చేపలకు ప్రియమైన ఆహారం. పొలాలలో చల్లిన మందులు వాననీటితో కొట్టుకువచ్చి వీటిని చేరుతాయి.

2000లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన ఈ డింభకాలపై జరిగింది. అట్రజిన్ అనే కలుపు మందు ఒంటరిగా ఉన్నప్పుడు వాటిని చంపలేదు. కాని క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుతో కలిసినప్పుడు దాని విషతీవ్రతను పెంచింది. డింభకదేహంలోని ఎంజైములు అట్రజిన్ ప్రభావంతో చురుకై, క్లోర్‌పైరిఫాస్‌ను మరింత తీవ్రమైన ‘ఆక్సాన్’గా మార్చడమే ఇందుకు కారణం. ఆక్సాన్ నాడీవ్యవస్థను స్తంభింపజేస్తుంది. విషాన్ని విరిచే దేహధర్మమే ఇక్కడ మృత్యుహేతువయింది.

కాబట్టి ఒక్కొక్క మందును విడిగా పరీక్షించి నిర్ణయించిన భద్రతా పరిమితి, అన్నీ కలిసి ప్రవహించే నీటికి చాలదు.