చప్పుడు చెప్పే సంగతి

కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకోవడాన్ని మన తర్కశాస్త్రం అనుమాన ప్రమాణమన్నది. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన 'తర్కసంగ్రహం'లోనూ ఈ ఉదాహరణ కనిపిస్తుంది. వంటశాలలో పొగను, నిప్పును కలిపి చూసిన అనుభవం ఉన్నవాడే కొండమీది పొగను చూసి నిప్పును ఊహించగలడు. కనిపించే చిహ్నం నుంచి కనిపించని కారణాన్ని చేరుకొనే ఈ మార్గం గ్రంథాలకే పరిమితం కాదు. నాడి చూసే వైద్యుడు, ఇంజను చప్పుడు విని లోపాన్ని కనిపెట్టే మెకానిక్కు కూడా దీనినే అనుసరిస్తారు. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపుకు అదే నాంది. అటువంటి పరికరాన్నే మెకానిక్కులూ వాడతారు. అది లేనివారు పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొని వింటారు.

హైదరాబాదులోని మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. ఆ తరువాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలు కార్యాలయాలతో నిండిపోయాయి. ఉద్యోగులను రాత్రింబవళ్లు చేరవేసే క్యాబులు అక్కడి జీవనంలో భాగమయ్యాయి. 2005లో వచ్చిన టొయోటా ఇన్నోవా, 2008లో వచ్చిన మారుతి స్విఫ్ట్ డిజైర్ వంటి వాహనాల డీజిల్ ఇంజన్లకు టర్బో అమర్చబడి ఉంది. మారుతి సంస్థ 2020లో డీజిల్ కార్ల తయారీని నిలిపివేసింది. కాబట్టి ఆ సంస్థ డీజిల్ కార్లలో నేడు రోడ్డుమీద తిరుగుతున్నవన్నీ కొంత వయసు మీదపడినవే. అటువంటి కారును నమ్ముకొని బతికే డ్రైవరుకు ఇంజనులో వినిపించే కొత్త చప్పుడు కేవలం చికాకు కాదు. అది అతని జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు రాబడి ఉండదు. కారణం తెలియకుండా భాగాలు మార్చితే ఖర్చు మిగులుతుంది గాని చప్పుడు పోదు.

చప్పుడును అర్థం చేసుకోవాలంటే ముందుగా టర్బో పనితీరును గ్రహించాలి. ఇంజను వదిలే పొగలో వేడి, వేగం ఉంటాయి. వృథాగా పోయే ఆ శక్తిని వినియోగించే ఉపాయాన్ని స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బుషి 1905లో రూపొందించాడు. పొగ ఒక చిన్న రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండవ కొనన ఉన్న మరొక చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. చిన్న ఇంజనే పెద్ద శక్తిని ఇస్తుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత వేగాన్ని తట్టుకొనేందుకు దానికి ఆధారం బేరింగుల మధ్య నిలిచే పలుచని ఆయిలు పొర మాత్రమే. టర్బో ఆయుష్షు ఆ ఆయిలుపైనే ఆధారపడి ఉంటుంది.

ఐ.టి. ప్రాంతపు ప్రయాణం ఈ ఆయిలుకు రెండు విధాలా పరీక్ష పెడుతుంది. కార్యాలయాల వేళల్లో బండి అంగుళమంగుళం కదులుతుంది. చక్రాలు తిరగకున్నా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. మీటరులో కిలోమీటర్లు పెరగవు; ఆయిలు మాత్రం పాడవుతూ ఉంటుంది. మరొకప్పుడు అదే బండి గచ్చిబౌలి నుంచి అవుటర్ రింగురోడ్డు మీదుగా శంషాబాదు విమానాశ్రయానికి వేగంగా పరుగెడుతుంది. చేరిన వెంటనే ఇంజనును ఆపివేస్తే ఆయిలు ప్రవాహం నిలిచిపోతుంది. కాలి ఉన్న టర్బోలో మిగిలిన ఆయిలు మాడి మసి కడుతుంది. అందుకే వేగంగా వచ్చిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నిదానంగా తిరగనిచ్చి ఆపడం మంచిది.

ఇక చప్పుళ్ల విషయం. అనుభవజ్ఞుడైన మెకానిక్కు ముందుగా పానా పట్టడు, ప్రశ్నలు వేస్తాడు. చప్పుడు ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు వస్తున్నదా, వేడెక్కిన తరువాతనా? నిలిచి ఉన్నప్పుడా, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడా? ఇంజను వేగంతోపాటు పెరుగుతున్నదా? శక్తి తగ్గిందా? పొగ రంగు మారిందా? ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలే సగం దారి చూపుతాయి. చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని, వేడెక్కగానే తగ్గిపోయే చప్పుడు పొగ బయటికి వచ్చే మార్గంలోని సందును సూచించవచ్చు. వేడికి లోహం వ్యాకోచించి ఆ సందు మూసుకొంటుంది. వానాకాలపు ఉదయం కీచుమని అరిచేది తరచుగా వదులైన బెల్టు. ఆ బెల్టును తీసి ఇంజనును కొన్ని సెకన్లు నడిపినప్పుడు చప్పుడు ఆగితే కారణం బెల్టులోనో, అది తిప్పే భాగాలలోనో ఉన్నట్లు తేలుతుంది.

చప్పుడుకు గల లయ కూడా ఒక సాక్ష్యమే. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. వాల్వులను తెరిచే ఇరుసు అందులో సగం, అంటే 400 చుట్లే తిరుగుతుంది. సెకనుకు సుమారు ఏడుసార్లు వినిపించే తేలికపాటి టకటక వాల్వుల వైపు వేలు చూపుతుంది. దాదాపు రెట్టింపు వేగంతో, ఇంజను అడుగుభాగం నుంచి బరువుగా వచ్చే దడదడ కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరుగుదలకు సూచన కావచ్చు. మొదటిది కొన్ని రోజులు ఆగగలదు. రెండవది వినిపించిన వెంటనే ఇంజనును ఆపి, బండిని లాగించుకొని పోవడమే క్షేమం.

టర్బో నుంచి సన్నని ఈల వినిపించడం సహజం. అది క్రమంగా పెరిగి సైరను కూతలా మారితేనే అనుమానించాలి. అయితే ఇక్కడే తొందరపాటుకు అవకాశం ఎక్కువ. యాక్సిలరేటరు తొక్కినప్పుడు బుస్సుమనే చప్పుడు, శక్తి లోపం, నల్లని పొగ కలిసి కనిపిస్తే టర్బో పాడయిందని పలువురు నిర్ణయిస్తారు. కాని గాలిని ఇంజనుకు చేర్చే రబ్బరు గొట్టం పగిలినా, దాని క్లిప్పు వదులైనా సరిగ్గా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఒకే పొగకు పలు నిప్పులు కారణం కావచ్చు. కనుక అనుమానాన్ని ప్రత్యక్షంతో సరిచూడాలి. మొదట ఆయిలు మట్టం, తరువాత గొట్టాలు, క్లిప్పులు చూడాలి. ఆపైన ఇంజను పూర్తిగా చల్లారాక గొట్టం విప్పి టర్బో చక్రాన్ని వేలితో కదిపి చూడాలి. పక్కలకు కొద్దిపాటి కదలిక సహజం. ముందుకు వెనుకకు ఆడినా, రెక్కలు గోడకు తగిలినా అది చెడినట్లే. సులభమైన, ఖర్చు లేని పరీక్ష ముందు. భాగం మార్చడం చివర. ఇదే సరియైన క్రమం.

టర్బో నిజంగానే చెడినదని తేలినా అన్వేషణ ముగియదు. అది ఎందుకు చెడినది? ఆయిలు తెచ్చే సన్నని గొట్టం మసితో పూడిపోయి ఉంటే, దానిని శుభ్రపరచకుండా అమర్చిన కొత్త టర్బో కూడా అదే దారి పడుతుంది. టర్బోలోని అడ్డుకట్టలు అరిగి ఆయిలు గాలిమార్గంలోకి చేరితే మరింత ప్రమాదం. డీజిల్ ఇంజను ఆ ఆయిలునే ఇంధనంగా మండించుకొంటూ, తాళంచెవి తిప్పినా ఆగకుండా వేగం పెంచుకొనవచ్చు. అప్పుడు గాలిమార్గానికి చేయి అడ్డుపెట్టరాదు. దగ్గరివారు దూరంగా తొలగాలి. నీలిరంగు పొగ, ఆయిలు తరచుగా తగ్గడం అంతకుముందే కనిపించే హెచ్చరికలు. చప్పుడును పరీక్షించేటప్పుడు మూసిన గదిలో ఇంజను నడపరాదు. తిరిగే బెల్టుకు దుస్తులు, జుట్టు దూరంగా ఉంచాలి.

నేటి మెకానిక్కుల చేతిలో లోపాల సంకేతాలను చదివే యంత్రాలు ఉన్నాయి. అవి గాలి ఒత్తిడి తగ్గిందని చెప్పగలవు గాని, తగ్గించినది పగిలిన గొట్టమా, అరిగిన ఇరుసా అన్నది చెప్పలేవు. ఆ నిర్ణయం చెవికి, కంటికి, వాటిని నడిపే ఆలోచనకు చెందినది. ఊహను ఊహగానే ఉంచి, పరీక్షకు నిలిచినప్పుడే దానిని నిర్ణయంగా స్వీకరించడం తార్కికునికి ఎంత అవసరమో మెకానిక్కుకూ అంతే అవసరం. ఆ ఓర్పు లోపిస్తే చిన్న క్లిప్పుతో తీరవలసిన లోపం పెద్ద అప్పుగా మారి, ఒక కుటుంబంపై భారమవుతుంది.