పరుపుకు పరీక్ష

పిల్లలూ! కొట్లో పరుపు కొనేటప్పుడు చాలామంది అరచేత్తో ఒక్కసారి నొక్కి, "మెత్తగా ఉంది" అని డబ్బు ఇచ్చేస్తారు. పడుకునేది అరచెయ్యి కాదు కదా! కనుక పరుపుకు కూడా పరీక్ష పెట్టాలి.

ముందు పరుపు చేసే పని ఏమిటో తెలుసుకుందాం. గచ్చుమీద వెల్లకిల పడుకుంటే మన బరువు తల, భుజాలు, తుంటి, మడమలు వంటి కొద్ది చోట్ల మీదే పడుతుంది. బరువు మోసే చోటు తగ్గినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే అక్కడ నొప్పి. మంచి పరుపు ఒంటి వంపులకు తగినట్లు దిగి, ఆ బరువును ఎక్కువ చోటికి పంచుతుంది. మరీ మెత్తని పరుపులో తుంటి దిగిపోయి, వెన్నెముక ఊయలలా వంగుతుంది.

ఇక పరీక్ష. పరుపుమీద పది నిమిషాలు పడుకోండి. వెల్లకిల ఉన్నప్పుడు నడుము కింద చెయ్యి పెట్టి చూడమని అమ్మను అడగండి. చెయ్యి సులువుగా దూరిపోతే పరుపు గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తనిది. కాస్త కష్టంమీద దూరితే సరి. పక్కకు తిరిగితే మెడనుంచి నడుము దాకా వెన్ను తిన్నగా ఉండాలి. తాతయ్యకు కుదిరిన పరుపు మనుమడికి కుదరాలని లేదు. ఒళ్ళు వేరు, బరువు వేరు.

"నడుము నొప్పికి గట్టి పడకే మందు" అని పెద్దలు అంటుంటారు. స్పెయిన్ వైద్యులు 313 మంది నడుము నొప్పి గలవారిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకంవి ఇచ్చి 90 రోజులు చూశారు. 2003లో వెలువడిన ఫలితం ఏమిటో తెలుసా? మధ్యరకం పరుపులే ఎక్కువ మేలు చేశాయి!

లోపలి సరుకూ చూడాలి. దూది పరుపైతే ఒక మూల కుట్టు విప్పించండి. మంచి దూది తెల్లగా, పొడవు పోగులతో ఉంటుంది. రంగు పేలికలు, గడ్డలు, దుమ్ము ఉండవు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు మనం తలకింద పెట్టుకునే మెత్తల్లో బూరుగు దూది నింపుతారు. దాని పోగు లోపల బోలుగా ఉంటుంది, నీటిని తేలికగా పీల్చదు. పత్తి దూది అలా కాదు, చెమ్మ పీల్చి అణిగిపోతుంది. అందుకే ఎండలో వేయాలి, గడ్డ కడితే మళ్ళీ ఏకించాలి. చెమ్మ ఉంటే కంటికి కనబడని దుమ్ముపురుగులు పెరిగి, కొందరికి ఉబ్బసం రేపుతాయి.

నురుగు పరుపుకు ఒక లెక్క ఉంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం గల ముక్క 4 కిలోలు తూగితే, ఘనపు మీటరుకు 40 కిలోలన్నమాట. ఒకే రకం నురుగులో ఈ సాంద్రత ఎక్కువైతే సాధారణంగా ఎక్కువకాలం మన్నుతుంది.

చివరిగా, తల్లిదండ్రులు మరువరాని మాట ఒకటి. ఏడాది నిండని పసిపాపకు ఈ మెత్తదనమే ప్రమాదం! మెత్తని పరుపులో ముఖం కూరుకుపోతే పాప తల తిప్పుకోలేదు, ఊపిరి ఆగవచ్చు. పాపను గట్టిగా, సమంగా ఉన్న పడకమీద వెల్లకిల పడుకోబెట్టాలి. చుట్టూ దిండ్లు, బొంతలు ఉంచరాదు. మీ ఇంట్లో చంటిపాప ఉంటే, ఈ పరీక్ష ఈ రోజే చేయండి.