ఆయుధ వర్తకము: లైసెన్సు, లెక్క, బాధ్యత

తుపాకుల దుకాణము పెట్టవలెనని కోరువారు మన జిల్లాలలో పెక్కుమంది లేరు. ఐనను, చేతిలో కొంత పెట్టుబడియు, ఆయుధములయందు కొంత పరిచయమును గల యువకులు ఈ వర్తకములో పోటీ తక్కువ గనుక లాభ మెక్కువయని తలంచుట కద్దు. పోటీ తక్కువయను మాట నిజమే. అది యేల తక్కువయో మాత్రము వారు పెట్టుబడికి పూర్వమే విచారింపవలసి యున్నది. బియ్యపు కొట్టు పెట్టినవాడు తన ఖాతాదారునకు జవాబుదారి. తుపాకుల కొట్టు పెట్టినవాడు తా నమ్మిన ప్రతి తూటాకును రాజ్యమునకు జవాబుదారి. ఇట్టి వర్తకమునకు మూలధనము సొమ్ముకంటెను నడవడియే యని మా యభిప్రాయము. ఆ నడవడిని కొలుచు ప్రభుత్వమునకును ఒక ధర్మము కలదని కూడ మేము చెప్పదలచితిమి.

ఈ వర్తకముచుట్టు నిన్ని కట్టుబాట్లు ఎట్లు వచ్చినవో తెలిసికొనుటకు పూర్వచరిత్రను కొంత తడవవలెను. 1857 వ సంవత్సరపు సంగ్రామానంతరము ఆంగ్ల ప్రభుత్వము 1860లో ఒక ఆయుధ శాసనమును చేసెను. 1878లో లిట్టన్ ప్రభువు దానిని మఱింత బిగించెను. దేశభాషా పత్రికల నోరు నొక్కిన శాసనమును ఆ యేటనే పుట్టినది. పత్రికా శాసనము రిప్పన్ ప్రభువు కాలమున తొలగెను. ఆయుధ శాసనము నిలిచెను. అందు మన పెద్దల నెక్కువగా నొప్పించినది లైసెన్సు కాదు, జాతిభేదము. యూరోపియనునకు మినహాయింపు, భారతీయునకు అర్జీ, నిరీక్షణము, తిరస్కారము. 1887లో మదరాసున జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ శాసనమును సవరింపవలసినదని కోరెను. జాతిభేదము కాగితముపై తొలగుటకు 1920 నాటి నియమములు రావలసివచ్చెను. 1930లో గాంధీమహాత్ముడు ఇర్విన్ ప్రభువు నెదుట నుంచిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణార్థము ఆయుధముల లైసెన్సు లిచ్చుట యొకటి. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి పౌరుడు ఆయుధము ధరించు హక్కును చేరియుండెను.

స్వరాజ్యము వచ్చినపిదప ఆ హక్కు రాజ్యాంగమున చేరలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగ నిర్ణయసభయందు హెచ్. వి. కామత్ గారు దానిని చేర్పవలెనని సవరణ ప్రతిపాదింపగా, డాక్టరు అంబేడ్కరు గారు అట్టి హక్కును అందఱికిని ఇచ్చుట క్షేమము కాదని వాదించిరి. సభ సవరణను త్రోసివేసెను. రాజ్యాంగపు 19వ అధికరణము పౌరులకు నిరాయుధులై శాంతియుతముగ సమావేశమగు స్వేచ్ఛనే యిచ్చినది. 1959లో పార్లమెంటు క్రొత్త ఆయుధ చట్టమును చేసెను. అది 1962 అక్టోబరు 1వ తేదినుండి అమలులోనికి వచ్చెను. నాటినుండి నేటివరకు ఆయుధము మన దేశమున హక్కు కాదు, అనుమతి. దీనిని కొందఱు కరాచీ తీర్మానమునకు ద్రోహమందురు. మే మట్లనము. పరప్రభుత్వము జాతినే శంకించినది. స్వప్రభుత్వము మనిషిని విచారించుటలో తప్పు లేదు. ఆ విచారణ న్యాయముగ జరుగుచున్నదా యనుటయే ప్రశ్న.

ఆయుధములు నిలువయుండు చోటు సామాన్యమైన గిడ్డంగి కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదులలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులను, మందుగుండును తీసికొనిపోయెనన్న సంగతి ఆంధ్రు లెఱుగనిది కాదు. దానికి ఎనిమిదేండ్లకు ముందు, 1914 ఆగస్టు 26వ తేదిని, కలకత్తాలోని రోడా కంపెనీయను తుపాకుల వర్తకసంస్థకు విదేశమునుండి 202 పెట్టెల సరకు వచ్చెను. కస్టమ్సు కచేరినుండి విడిపించి తెచ్చు పని శిరీశచంద్ర మిత్రయను గుమాస్తాది. ఆయన 192 పెట్టెలను కంపెనీ గిడ్డంగికి చేర్చి, మిగిలిన పదింటిని ఎడ్లబండిపై విప్లవకారుల యొద్దకు తరలించెను. ఆ పదింటిలో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఉండెను. ఆ వీరుల సాహసమును దేశము మఱువరాదు. కాని నేటి వర్తకుడు ఆ కథనుండి నేర్చుకొనవలసినది వేఱొకటి కలదు. ఓడరేవునుండి దుకాణమువరకు గల కొలదిపాటి దారిలో, ఒక్క గుమాస్తాపై నుంచిన నమ్మకముతో, పెద్ద కంపెనీ లెక్క యంతయు తలక్రిందులయ్యెను. నేడు అట్లు జాఱిపోయిన పిస్తోలు దేశభక్తుని చేతికి పోదు. దోపిడిగాని చేతికో, గ్రామకక్షలవాని చేతికో పోవును.

ఇక చట్టము మాట. తుపాకిని కొనుటకును దగ్గర నుంచుకొనుటకును లైసెన్సు వేఱు. అది 3వ సెక్షను క్రిందిది. తయారుచేయుటకు, బాగుచేయుటకు, అమ్ముటకు, అమ్మకమునకై నిలువయుంచుటకు లైసెన్సు వేఱు. అది 5వ సెక్షను క్రిందిది. సొంత తుపాకికి లైసెన్సు గలవాడు దానితో వర్తకము సాగింపజాలడు. తన తుపాకిని తాను అమ్ముకొనదలచినను, అధికారులకు వ్రాతమూలముగ తెలిపి 45 దినములు ఆగవలెను. 5వ సెక్షనును మీఱి ఆయుధములను తయారుచేసినను అమ్మినను, 2019 సవరణ పిమ్మట, శిక్ష ఏడేండ్లకు తక్కువ గాని కారాగారము, యావజ్జీవమువరకు పోవచ్చును. ఈ వాక్యమును దుకాణము పెట్టగోరు ప్రతివాడును మొదట చదువుకొనవలెను.

లైసెన్సు కోరువాడు అర్జీ దాఖలుచేసిన పిదప పోలీసువారి విచారణ జరుగును. అతని పూర్వచరిత్ర, అతనిపై కేసు లేవైన గలవా, సరకు నుంచుటకు ఏర్పఱచిన స్థలము ఎంత భద్రమైనది అను విషయములు ఆ విచారణలోనివి. వచ్చిన లైసెన్సు ఆ మనిషికి, ఆ స్థలమునకు, అందు వ్రాసిన రకములకు, పరిమాణములకు కట్టుబడి యుండును. దుకాణమును పక్కవీధికి మార్చుటకు కూడ అనుమతి కావలెను. తుపాకిమందు నిలువయుంచుట 1884 నాటి పేలుడు పదార్థముల చట్టపు పరిధిలోనికి వచ్చును. బాగుచేయు పనియు, ఇతరుల ఆయుధములను భద్రపఱచు పనియు చేయదలచినవాడు వానికిని అనుమతి పొందవలెను.

ఈ చట్టములో సామాన్యునకు అండగా నిలుచు వాక్యములును కలవు. అవి తగినంత ప్రచారమునకు రాలేదు. అర్జీదారునకు చాలినంత ఆస్తి లేదను కారణముచేత మాత్రమే లైసెన్సు నిరాకరింపరాదని 14వ సెక్షను చెప్పుచున్నది. నిరాకరించిన అధికారి కారణములను వ్రాయవలెననియు, ప్రజాక్షేమమునకు భంగము లేనంతవరకు, అర్జీదారు డడిగినచో వానిని తెలుపవలెననియు ఆ సెక్షనే శాసించుచున్నది. 18వ సెక్షను క్రింద అప్పీలు కలదు. 2016 నియమములు పోలీసు నివేదికకును అధికారి నిర్ణయమునకును కాలపరిమితులను ఏర్పఱచినవి. 13వ సెక్షను రైతునకు ముఖ్యమైనది: ఆత్మరక్షణకు గాని క్రీడకు గాని 20 అంగుళములకు తక్కువ గాని గొట్టము గల నున్నని బోరు తుపాకికిని, పంటల రక్షణకు మూతినుండి మందు కూరు తుపాకికిని ఆ సెక్షను ప్రత్యేకముగ దారి చూపినది. తెలంగాణమున బర్మారు అని పిలువబడిన తుపాకి యిట్టిదే. అడవిపందుల వలన వేరుసెనగ, మొక్కజొన్న పంటలను కోల్పోవు కాపునకు ఈ సంగతి తెలియవలెను. అట్లని లైసెన్సు వేటకు సెలవు కాదు. పందిని కాల్చుటకు వన్యప్రాణి చట్టము క్రింద వేఱుగ అనుమతి యుండవలెను.

వర్తకపు లాభనష్టములను ఇప్పుడు చూతము. కొనుగోలుదారులు మితముగ నుందురు. 21 ఏండ్లు నిండనివారికి ఆయుధము నమ్మరాదు. క్రీడాశిక్షణకై మాత్రము నియమిత మినహాయింపులు కలవు. 1983 సవరణచే ఒక్కొక్కనికి మూడుగా నియమింపబడిన ఆయుధముల సంఖ్యను 2019 సవరణ రెంటికి తగ్గించెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించిన పిదప వినోదార్థమైన వేట అంతరించెను. దానితో పూర్వపు జమీందారీ బేరము అంతరించెను. 1980ల మధ్యభాగము నుండి వర్తకులు విదేశపు తుపాకులను సామాన్య విక్రయమునకు దిగుమతి చేయుట ఆగిపోయెను. కావున సరకు వచ్చు దారులు కొన్నియే: ప్రభుత్వ కర్మాగారములు, లైసెన్సు గల ప్రైవేటు తయారీదారులు, చేతులు మారు పాత తుపాకులు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారములు 2021 అక్టోబరు 1వ తేదిని ఏడు కంపెనీలుగ మాఱినవి. కాన్పూరు రివాల్వర్లు వానిలో నొక కంపెనీ తయారుచేయునవే. మీర్ కాసిము నవాబు కాలమునుండి తుపాకుల పనికి పేరొందిన బీహారులోని ముంగేరు పట్టణమున లైసెన్సు గల పాత కర్ఖానాలు బేరములు తగ్గి నీరసించినవి. అదే పట్టణపు పేరు నేడు దొంగతుపాకులకు మాఱుపేరైనది. సరియైన పనివానికి పని లేనిచోట నేర్పు చెడ్డదారి పట్టుననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇట్టి స్థితిలో చిన్న దుకాణదారుడు తుపాకుల అమ్మకముపైననే బ్రతుకజాలడు. నెలలో ఒకటి రెండు తుపాకులు అమ్ముడుపోయినను పోకున్నను, తూటాలు, శుభ్రపఱచు నూనెలు, తోలుసంచులు, అల్పశక్తి గల గాలితుపాకులు, చిల్లరమరమ్మతులు అతనికి రాబడి నిచ్చును. ఆయుధముల భద్రత మఱియొక యాధారము. లైసెన్సు గడువు దాటినను, యజమాని మరణించినను ఆయుధమును ఠాణాలో గాని లైసెన్సు గల వర్తకునియొద్ద గాని అప్పగింపవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది. ఎన్నికల కాలమున అధికారులు ఆయుధముల నప్పగింపుమని ఉత్తరువు లిచ్చినపుడు వర్తకుల యినుపబీరువాలు నిండును. ఆ దినములలో వర్తకుని గదిలో నున్నది అతని సరకు కాదు, ఊరివారి సరకు. అద్దె కొలదియే, బాధ్యత కొండంత.

లెక్క విషయములో పాతకాలపు నియమమే నేటికిని ప్రాణము. అమ్మిన తుపాకి నంబరు, తూటాల సంఖ్య, తేది కొన్నవాని లైసెన్సుపైనను దుకాణపు పుస్తకములోను ఎక్కవలెను. నేడు ప్రతి లైసెన్సుదారునకు దేశవ్యాప్తమైన పట్టికలో ప్రత్యేక సంఖ్య యుండును. అది లేని లైసెన్సును చూపువానికి, ఎంతటి పెద్దమనిషియైనను, అమ్మకము చేయరాదు. ప్రతిరాత్రి బీరువా మూయుటకు ముందు సరకును పుస్తకమును సరిచూచుకొనుట వర్తకుని నిత్యకర్మ కావలెను. తనిఖీకి వచ్చిన అధికారి యెదుట మఱునాడు పూరించెదనను మాట చెల్లదు.

లెక్క చెడిన నేమగునో ఇటీవలి కాలమే చూపినది. జమ్మూ కాశ్మీరములో 2012 మొదలు 2016 వఱకు రెండు లక్షల డెబ్బదివేలకు పైగా లైసెన్సులు అనర్హుల కిచ్చిరని సి.బి.ఐ. ఆరోపించినది, అధికారులతోబాటు తుపాకుల వర్తకులపైనను ఆరోపణలు వచ్చినవి. న్యాయస్థానములు తేల్పవలసిన విషయము గనుక వ్యక్తుల నెవరిని మేము దూషింపము. కాని వర్తకుడు లైసెన్సు లిప్పించు దళారిగ మాఱినచో ఆ శాసనమంతయు సంతలో సరకగునని మాత్రము చెప్పక తప్పదు. తుపాకి కావలెనని వచ్చినవానికి, లైసెన్సు తెచ్చికొని రమ్మనుట వర్తకుని ధర్మము. నేను తెచ్చిపెట్టెదననుట పతనమునకు మొదటి మెట్టు.

ప్రభుత్వమునకు మేము చేయు సూచనలు స్వల్పములు. దేశమున పట్టుబడు తుపాకులలో అత్యధిక భాగము లైసెన్సు లేనివేయని జాతీయ నేరనమోదు సంస్థ లెక్కలు ఏటేట చూపుచున్నవి. 2023లో సుప్రీంకోర్టు లైసెన్సులేని ఆయుధముల బెడదను తనంతట తాను విచారణకు తీసికొనెను. కాబట్టి అధికారుల కన్ను దొంగకొలుములపై పదునుగ నుండవలెను. లైసెన్సు కోరువానికి, అవునని గాని కాదని గాని, నియమిత కాలములో వ్రాతమూలముగ ఉత్తరువు చేరవలెను. అర్జీని బల్లసొరుగులో పడవేసి యుంచుట నిరాకరణముకంటె నన్యాయము. కారణము లేనిచోట అప్పీలునకు ఆధారము లేదు, సిఫారసునకు మాత్రము ద్వారము కలదు. సిఫారసుతో లైసెన్సు పొందినవాడు చట్టమునకు గాక సిఫారసు చేసినవానికి ఋణపడియుండును. అట్టివాని చేతిలో తుపాకుల గది తాళపుచెవి యుండుట యెవరికిని క్షేమము కాదు.

ఈ వర్తకములో దిగగోరు యువకులకు మా మాట యొకటియే. శీఘ్రముగ ధనము కూడబెట్టదలచినవారు దీనిజోలికి పోవలదు. ఓర్పు గలవారు, పుస్తకమును శుభ్రముగ వ్రాయువారు, పరిచయస్థునికైనను కాదని చెప్పగలవారు నిస్సంశయముగ రావలెను. అట్టి వర్తకులు జిల్లాకు ఒకరిద్దఱున్నను రైతు పంటకు, పౌరుని ప్రాణమునకు కావలసిన ఆయుధము దొంగబజారు త్రొక్కకుండ న్యాయమార్గమున లభించును.