పాత గాజుతొట్టికి కట్ట, తూము, అలుగు

నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము చిన్నది. పట్టణములో నొకరు వాడి విడిచిన గాజు చేపలతొట్టిని తెచ్చి, కారకుండ మరల నతికి, దానికి నీటి గొట్టములు అమర్చుట యెట్లు అనునదే యది. చెరువుల క్రింద సేద్యము చేసిన పెద్దలకు చేపలతొట్టి ముచ్చట యెందులకని మీరు నవ్వవచ్చును. కాని యీ తొట్టి మీ గ్రామములకే వచ్చుచున్నది. సికింద్రాబాదులో ఇల్లు మారువారు మూడడుగుల తొట్టిని అగ్గువకు విడిచివేయుదురు. ఊరిమీద మమకారము గలవా డొకడు దానిని కొని, గడ్డి చుట్టి, బండి మీద వేసి, బడికి కానుకగా పంపును. నీళ్లు పోసిన మరునాడు బడి నేల తడిసియుండును. ఆ గాజు ముందర పిల్లలు గుమిగూడి నిలుచుందురు గనుక దీనిని వేడుకమాటగా త్రోసివేయరాదు.

మూడడుగుల పొడవును, అడుగున్నర వెడల్పును, అడుగున్నర లోతును గల తొట్టిలో అంచుదాక సుమారు 190 లీటర్ల నీరు పట్టును. లీటరు నీరు ఒక కిలో తూగును. అనగా నీటి బరువే నాలుగు సిమెంటు బస్తాలకు సమీపించును. ఇసుకయు, రాళ్లును, గాజును వేరు. ఇంత భారమును పట్టి నిలుపునవి అయిదు గాజుపలకలును, వాని సందులలోని గోటిమందపు జిగురును మాత్రమే.

నీరు గోడను త్రోయు బలము నీటి విస్తీర్ణమును బట్టి గాక లోతును బట్టి యుండును. చెరువుకట్టను అడుగున వెడల్పుగను పైన సన్నముగను ఏల కట్టిరో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. గాజుగోడకు పైనను క్రిందను ఒకటే మందము. కావున అడుగు అతుకులే యెక్కువ బాధపడును. కారుటయు తరచుగ అడుగు మూలలనే మొదలగును. కడప జిల్లా పోరుమామిళ్లలో, బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు త్రవ్వించిన చెరువుకడ 1369వ సంవత్సరపు సంస్కృత శాసన మొకటి కలదు. చెరువునకు కావలసిన సాధనములు పన్నెండనియు, దోషములు ఆరనియు అందు లెక్కింపబడినవి. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో నొకటి. చోటు స్వల్పమై నీరు అధికమగుట మరియొకటి. ఈ రెండవ దానిని జ్ఞాపకముంచుకొనుడు. గొట్టముల ప్రస్తావనలో దానితో పని కలదు.

చేపలను గాజులో నుంచి జనులకు చూపు వేడుక క్రొత్తది. లండను జంతుశాలలో 1853లో అట్టి శాల తెరచిరి. మన ప్రక్కనున్న చెన్నపట్టణపు సముద్రతీరమున 1909లో ఒకటి వెలసెను. ఆ కాలపు ఇంటి తొట్లు ఇనుపచట్రములో గాజు బిగించి, లప్పము పూసినవి. లప్పము ఎండిన పగులును, పగిలిన కారును. సిలికోను జిగురు వచ్చిన పిదప చట్రము పోయి, గాజును గాజుతోనే అతుకుట వాడుకయైనది. సిలికోను రబ్బరువలె సాగును. నీటి త్రోపునకు గాజు వెంట్రుకవాసి వంగినను అది పగులక పట్టుకొనియుండును. ఈ గుణము లేని బిరుసు లప్పములను నేటి తొట్టికి పూయువారు రెండుసార్లు పని చేయవలసివచ్చును.

ఇక అతుకు విధము. ముందుగ కారుచోటు కనుగొనవలెను. తొట్టిని సమమైన బల్లపై నుంచి, క్రింద పాతపత్రికలు పరచి, పావు, సగము, ముప్పావు చొప్పున నీరు నింపుడు. కాగితము తడిసినచోట గాజుపై గుర్తు పెట్టుడు. అచటనే కొంచెము జిగురు మెత్తిన సరిపోవునని అందరును తలంతురు. సరిపోదు. గట్టిపడిన పాత సిలికోనుకు క్రొత్త సిలికోను పట్టదు. అది పట్టునది ఒట్టి గాజును. పాత పూతపై వేసిన అతుకు, ఎండిన పేడమీద అలికిన మట్టివలె, కొన్నాళ్లకు పొరగా లేచివచ్చును. కావున కారినది ఒక మూలయే యైనను, లోపలి పూతనంతయు తీసివేయవలసినదే.

ఇచట నొక భేదము గమనింపవలెను. మూలల వెంట లోపల కనబడు పూత వేరు. రెండు పలకల నడుమ నున్న అసలు అతుకు వేరు. పూత చెడినచో మార్చవచ్చును. అసలు అతుకులో తెల్లని బుడగలు బారులు తీరియున్నచో పలకలన్నియు విడదీసి మరల నిలబెట్టవలెను. అది చేయి తిరిగినవాని పని. మూడడుగులకు మించిన తొట్టికి అట్టి జబ్బున్నచో, వెల యెంత తక్కువైనను కొనవలదని నా అభిప్రాయము.

క్షురపు బ్లేడును గాజుకు బల్లపరుపుగా నానించి పాత పూతను చెక్కి, మిగిలిన జిడ్డును ఎసిటోనుతో తుడువవలెను. కిటికీలు తెరచియుంచుడు; దీపముగాని చుట్టగాని దరికి రానీయకుడు. సబ్బు వాడరాదు, దాని పొర నిలిచిపోవును. తుడిచిన గాజును వ్రేళ్లతో తాకరాదు, చేతి జిడ్డే చాలును అతుకు చెడుటకు. మూలకు ఇరుప్రక్కల అరవ్రేలి దూరమున కాగితపు పట్టీ అంటించి, నడుమ సిలికోను ధారగా వేసి, తొడుగు వేసిన వ్రేలితో ఒక్క ఊపున దిద్దవలెను. అన్ని మూలలును ఒకే పూట, పచ్చి పచ్చితో కలియునట్లు ముగియవలెను. పైన మీగడ కట్టక మునుపే పట్టీలు లాగివేయుడు. అందులకు కొద్ది నిమిషములే గడువు.

జిగురు కొనునపుడు మోసపోకుడు. రాణిగంజి అంగళ్లలో సిలికోను అనేకవిధములుగ దొరకును. స్నానశాలలకై అమ్ము కొన్నిటిలో బూజు పట్టకుండ విషము కలుపుదురు. అది చేపలను చంపును. చేపలతొట్టికి తగునని గొట్టముపైనే వ్రాసియున్నదానినే కొనవలెను. తగిన రకములలో ఒకదానికి ఆరునపుడు సిర్కా వాసన వచ్చును; దానికి భయపడనక్కరలేదు, గట్టిపడిన పిదప ఆ వాసన పోవును. సున్నము గాలిని త్రాగి గట్టిపడునట్లు, ఇది గాలిలోని తేమను త్రాగి పైనుండి లోనికి గట్టిపడును. దినమునకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతే ముదురును. త్వరపడి యెండలో పెట్టిన లాభము లేదు. వారము దినములు నీడలో విడిచి, పిదప మెట్టుమెట్టుగా నింపి, నిండిన తొట్టిని మూడు దినములు బయటనే ఉంచి చూడుడు.

ఈ వారము దినములలో వాన వచ్చినచో తొట్టిని బోర్లించుట మరువకుడు. నిలిచిన నీరు దోమకు పుట్టిల్లు. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుట రోనాల్డు రాసు అను వైద్యుడు 1897 ఆగష్టు 20న ఈ సికింద్రాబాదులోనే కనిపెట్టెను. 1902లో నోబెలు బహుమానము పొందెను. దోమపిల్లలను తిను గప్పీ చేపను మన దేశమునకు 1910లో తెచ్చిరి. బడితొట్టిలో అది ముచ్చటగనే యుండును. కాని పరదేశపు చేపను ఊరిచెరువులో విడువరాదు. అది నాటుచేపల మేతకు అడ్డుపడును.

ఇక గొట్టములు. పై తొట్టినుండి నీరు తనంత దిగువ తొట్టికి దిగును; అచట వడగట్టబడి, పంపు ద్వారా మరల పైకెక్కును. లండనులో 1871లో తెరచిన స్ఫటికభవనపు చేపలశాలకు చూపుతొట్లకంటె అనేకరెట్లు పెద్దదగు జలాశయము నుంచి, నీటిని ఇట్లే త్రిప్పిరి. ఈ యేర్పాటులో మొదట నేర్వవలసినది తూమునకును అలుగునకును గల భేదము. తూము తెరచిన చెరువు అడుగంటును. అలుగు, కట్ట మునుగకుండ కాచునదే గాని చెరువును ఖాళీ చేయదు. హుస్సేను సాగరమునకును మిగులునీరు పోవుటకు అలుగు కలదు. మన తొట్టికి దిగువారు గొట్టము అలుగువలె పైయంచు దగ్గర నుండవలెను గాని, తూమువలె అడుగున నుండరాదు. దానికి తొట్టిగోడలో రంధ్రము చేయువారు అతుకు వేయక మునుపే చేయవలెను. కాల్చి గట్టిపరచిన గాజునకు బరమా తగిలిన నది తుత్తునియలగును. అనేక తొట్ల అడుగుపలక అట్టిదే.

అలుగుగొట్టము పంపుగొట్టముకంటె లావుగ నుండవలెను. అడ్డముగ ఆకు పడినను నీరు పోవుటకు రెండవ అలుగు నొకదానిని కొంచెము ఎగువన నుంచుట మంచిది. అలుగునకు బిరడా బిగింపకుడు. చెరువు అలుగునకు తలుపు పెట్టువాడు లేడు గదా! గొట్టమునకు మలుపులు తగ్గించుడు, ఒక్కొక్క మలుపు నీటి వడిని తినివేయును.

అసలు గండము కరెంటు పోయినప్పుడు వచ్చును. డబ్బాలోని కిరసనాయిలును గొట్టముతో పీల్చి దించుట మీరెరుగుదురు. పంపు ఆగినంతనే, నీటిలో మునిగియున్న పంపుగొట్టపు నోరు అదే పని చేసి, పై తొట్టి నీటిని దిగువకు లాగును. మనము చెప్పుకొన్న తొట్టిలో అంగుళము నీరు సుమారు పదిన్నర లీటర్లు. గొట్టపు నోరు ఆరంగుళముల లోతున నున్నచో అరువదిమూడు లీటర్లు దిగువ తొట్టిపై పడును. దిగువ తొట్టిలో అంత చోటు లేనిచో నీరు నేలపాలు. చోటు స్వల్పమై నీరు అధికమగుట యను శాసనపు దోష మిదియే. కావున పంపుగొట్టపు నోటిని నీటిమట్టమునకు అంగుళము లోపుననే యుంచి, నీటి అంచున గొట్టమునకు చిన్న రంధ్రము చేయుడు. మట్టము దిగగానే గాలి చొచ్చి పీల్పు తెగును. ఆ రంధ్రము నాచుతో మూసికొనిపోవును గనుక దానిని మాత్రమే నమ్మక, దిగువ తొట్టిలో ఎల్లప్పుడు వెలితి నుంచుడు. ఎంత వెలితి కావలెనో గొట్టములు కొనకముందే కాగితముపై కొలతలతో గీసి లెక్కించుకొనుడు. లెక్కలు చెప్పు పంతులుకు పిల్లలచేత చేయించుటకు ఇంతకంటె మంచి లెక్క దొరకదు.

పంపు తీగను తిన్నగా మీటకడకు తీయక, నడుమ క్రిందికి వ్రేలాడునట్లు వదలవలెను; జారిన నీటిబొట్టు ఆ వంపున రాలిపోవును గాని మీటలోనికి పోదు. మీట తొట్టికంటె ఎగువన నుండవలెను. తడిచోట కరెంటు దారితప్పిన తక్షణమే ఆపివేయు పరికరమును కరెంటు పనివానిచేత పెట్టింపక, బడిలో తొట్టి నడుపుట తగదు. నీటిలో చేయి పెట్టునపుడు ముందు పంపు ఆపుట పిల్లలకు మొదటి పాఠము.

పీటను రసమట్టముతో సరిచూచి, తొట్టిని ఎక్కించి, నీరు నింపుడు. పట్టణపు కుళాయినీటిలో క్లోరిను కలియుటచేత ఒకటి రెండు దినములు త్రిప్పి విడువవలెను. బావినీటికి ఆ బాధ లేదు. పంపు నడుచుచుండగా మూడుసార్లు మీరే కావలెనని కరెంటు ఆపి, దిగువ తొట్టి పొర్లకుండుట కన్నులార చూడుడు. మూడుసార్లును నేల పొడిగ నున్నచో, చేపల కొరకు అంగడికి పోవచ్చును.